ఎనిమిది చీట్లు, డెబ్బై పంపకాలు

అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే లైన్ల పక్కన నిలబడి పీసుల లెక్క రాయడమే నా ఉద్యోగం. ఇప్పుడు అదే పనిలో చేరుతున్న పిల్లల కోసం ఇవి రాస్తున్నాను.

1. రెండు సగటులు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకండి. ఒకసారి ఆ తొందర నేనే పడ్డాను. ఒక లైను సగటు తక్కువుందని రాసిస్తే, అక్కడి అమ్మాయిలు చివాట్లు తిన్నారు. మరుసటి వారం లెక్క తిరగబడింది. రాంబిల్లి, యలమంచిలి వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చే పిల్లలు వాళ్ళు. ఆ బాధతోనే చీట్లు కలిపి పంచి చూసే ఈ పద్ధతి నేర్చుకున్నాను.

2. చీట్లు రాయండి. కొత్త మిషను మీద నలుగురు గంటకి 52, 55, 49, 60 పీసులు, పాతదాని మీద మరో నలుగురు 48, 50, 46, 51 కుట్టారనుకోండి. సగటులు 54, 48.75. తేడా 5.25. చూస్తే పెద్దదే. కానీ మిషనుతో నిమిత్తమే లేకపోతే, 60 కుట్టిన అమ్మాయి పాత మిషను మీద కూర్చున్నా 60 కుట్టేది. అప్పుడు ‘కొత్త’, ‘పాత’ అన్నవి ఉత్త పేర్లే, ఎటు మార్చినా ఒకటే. ఎనిమిది అంకెలూ చీట్ల మీద రాసి, నాలుగేసి చొప్పున ‘కొత్త’, ‘పాత’ అని పంచి, సగటుల తేడా చూడండి. మొత్తం 70 పంపకాలు. వాటిలో 4 పంపకాల్లో ‘కొత్త’ వైపు అంత తేడా, లేదా అంతకు మించి వస్తుంది. ‘పాత’ వైపూ కలిపితే 8. అంటే మిషనుతో నిమిత్తం లేకుండానే ఇంత తేడా నూటికి 11 పైనే వస్తుంది. మిషను మంచిదే కావచ్చు. ఈ ఎనిమిది మందిని చూసి ఆ మాట గట్టిగా చెప్పలేం.

3. అసలు చీటీ ముందే తీయాలి, ఎవరు ఏ మిషను మీద కూర్చోవాలన్న దానికి. సూపర్‌వైజరు చెయ్యి తిరిగినవాళ్ళని కొత్త మిషను మీద కూర్చోబెడితే, తర్వాత ఎన్నిసార్లు కలిపి పంచినా నిజం బయటపడదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

4. ఒకే మనిషి రెండు మిషన్ల మీదా కుడితే, ఆమె రెండు అంకెలనీ ఒకదానితో ఒకటే మార్చాలి, పక్కమనిషివాటితో కలపకూడదు. డార్విన్ పెంచిన 15 జతల మొక్కజొన్న మొక్కల ఎత్తులతో గణాంకవేత్త ఫిషర్ 1935లో చేసింది ఇదే. జతకి రెండు దారులు, మొత్తం 32,768. మన విశాఖ ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావుగారు తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఆ ఫిషర్ దగ్గరే.

5. ఒక్కో మిషనుకి ఇరవయ్యేసి మంది అయితే పంపకాలు 13 వేల కోట్లు దాటుతాయి. కంప్యూటరు చేత పదివేలసార్లు కలిపించండి, చాలు. అసలు వచ్చిన పంపకాన్నీ ఒకటిగా లెక్కలో వేసుకోండి.

6. ఒక్కో మిషనుకి ముగ్గురేసే అయితే ఉండేవి 20 పంపకాలే. ఎంత పెద్ద తేడా వచ్చినా, రెండు వైపులా చూస్తే అంత తేడా ఇచ్చే పంపకాలు 20లో 2కి తగ్గవు. అందుకే ముగ్గురితో తేల్చేయమంటే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఇంకో పూట ఆగండి, ఇంకో ముగ్గురిని కూర్చోబెడదాం అనేవాణ్ణి.