పూసకట్టిన తేనె
(మూడవ సంవత్సరం బి.యస్సీ., రసాయనశాస్త్రం)

నెయ్యి పూసకడితే మన యిళ్లలో మురిసిపోతాం. అదే తేనె పూసకడితే "పంచదార కలిపేశాడు" అని అమ్మినవాణ్ణి తిడతాం. రెండూ స్ఫటికీకరణమే గదా! ఒకదానికి మెప్పు, మరొకదానికి నింద ఎందుకో ఆలోచించవలసిన విషయమే.

పువ్వుల మకరందంలో చాలావరకు వుండేది సుక్రోజు, అనగా మనం కాఫీలో వేసుకునే పంచదారే. తేనెటీగ తనలోని ఎంజైముతో దాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టి, రెక్కలతో విసిరి నీటిని యిగరబెడుతుంది. మామూలు తేనె 100 గ్రాముల్లో ఫ్రక్టోజు సుమారు 38, గ్లూకోజు 31, నీరు 17 గ్రాములుంటాయి. యిప్పుడు చిన్న లెక్క. గది వేడిలో 100 గ్రాముల నీళ్లలో గ్లూకోజు యించుమించు 100 గ్రాములే కరుగుతుంది. తేనెలో ఆ పాళ్లు చూస్తే 100 నీటికి 180 దాటింది. ఫ్రక్టోజుకు ఆ బాధ లేదు. అది 400 గ్రాముల దాకా కరుగుతుంది. కాబట్టి తేనె ఒక అతిసంతృప్త ద్రావణం. అందులోంచి బయటపడడానికి గ్లూకోజు ఎప్పుడూ సాకు వెతుకుతూనే వుంటుంది.

ఆ సాకు ఏమిటంటే, పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం. పటికబెల్లం చేసేవాళ్లు పాకంలో దారం వేలాడదీస్తారు, పలుకు ఆ దారాన్ని పట్టుకునే పెరుగుతుంది. తేనెలో ఆ దారం పని చేసేవి పుప్పొడి, మైనపు ముక్కలు, గాలి బుడగలు. చల్లదనం కూడా కావాలి. 14 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర పలుకు అన్నిటికన్నా త్వరగా కడుతుంది. రోహిణి కార్తెలో నీళ్లలా కారిన తేనె సంక్రాంతికి అడుగున పేరుకోవడం అందుకే. ఫ్రిజ్‌లో పెట్టడమంటే దాన్ని పిలిచి మరీ గడ్డకట్టించడమే.

యిక్కడ మరో చిక్కుంది. గ్లూకోజు పలుకు తన బరువులో 9 శాతం నీటిని మాత్రమే వెంట తీసుకుపోతుంది. తక్కిన నీరంతా పైన మిగిలిన ద్రవంలోనే వుండిపోయి దాన్ని పలచన చేస్తుంది. మన్యపు అడవితేనెలో అసలే తేమ ఎక్కువ. అడుగున పంచదారలాంటిది, పైన నీళ్లలాంటిది కనపడితే కొన్నవాడికి అనుమానం రాక ఏమవుతుంది?

మా వూరికి ఏటా వేసవిలో మన్యం నుంచి ఒక కొండరెడ్డి ముసలాయన తేనె డబ్బాతో దిగేవాడు. ఒక ఏడు సంక్రాంతికి ఆయన పోసిన సీసాలన్నిటా పలుకు తేలింది. మళ్లీ వేసవిలో ఆయన రాగానే అరుగు మీద పెద్దలు నిలబెట్టి అడిగారు. "కొండ మీదా యిట్టాగే అవుద్ది బాబూ" అన్నాడు తప్ప ఆయనకు వేరే జవాబు తెలియదు. సగం డబ్బు తిరిగిచ్చి వెళ్లాడు. తరువాత రాలేదు. మా అమ్మ దాచిన ఆ సీసాలోంచి చిటికెడు తెచ్చి కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. సన్నని సూదులు, పలచని పలకలు, మధ్య మధ్య పుప్పొడి రేణువులు. పక్కనే పెట్టిన పంచదార మాత్రం మందపాటి దిమ్మల్లా వుంది.

పెద్ద తేనెటీగ ఎత్తయిన చెట్లకూ కొండచరియలకూ పట్టు పెడుతుంది. ప్రాణానికి తెగించి దాన్ని కోసి, చేత్తో పిండి తెస్తారు గనుక పుప్పొడి, మైనం అందులోనే వుంటాయి. పలుకు కట్టడానికి కావలసినవన్నీ వున్నాయన్నమాట. కంపెనీ తేనెను వేడిచేసి సన్నగా వడగడతారు. ఆధారాలు పోతాయి, సీసా నెలల తరబడి అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి మనం స్వచ్ఛమంటున్నాం.

ఇక నీళ్లలో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి గీయడం వంటి పరీక్షలు తేనె చిక్కదనాన్నీ తేమనూ చెబుతాయి గాని అది తేనె అవునో కాదో చెప్పవు. చిక్కటి పాకం కూడా వాటిలో నెగ్గుతుంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు 13 బ్రాండ్ల తేనెలను పరీక్షకు పంపితే, ఎన్.ఎమ్.ఆర్. అనే పరీక్షతో సహా అన్నీ నెగ్గినవి మూడే. కల్తీకి వాడే పాకాల్లో బియ్యం నుంచి తీసినదీ ఒకటి. వరి పండించే యింట పుట్టిన నాకు యిది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పలుకు కట్టిన తేనెను పొయ్యి మీద మరిగించరాదు. ఎంజైములు చస్తాయి, వాసన పోతుంది, రంగు ముదురుతుంది, హెచ్.ఎమ్.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో సీసాను వుంచి, ఓపిగ్గా తిప్పుతుంటే చాలు. మూత గట్టిగా వుండాలి. పైన పలచబడిన ద్రవం తేమ పీల్చి పులుస్తుంది.

అసలు కరిగించడం ఎందుకనేవాళ్లూ వున్నారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డైస్ అనే ఆయన 1935లో ఒక పద్ధతికి పేటెంటు పొందాడు. తేనెను ముందు వేడిచేసి, చల్లార్చి, అందులో మెత్తగా పూసకట్టిన తేనె పదోవంతు కలిపి 14 డిగ్రీల వద్ద వుంచుతారు. పాలకు తోడు పెట్టినట్టే. కొద్ది రోజుల్లో అంతా వెన్నలా పేరుకుంటుంది, నాలుకకు గరుకు తగలదు. అక్కడ రొట్టె మీద రాసుకుని తింటారు. మన డెల్టాలో ఆ చల్లదనం పుష్యమాసంలోనూ అరుదు. మారేడుమిల్లిలో మాత్రం ఆ రాత్రులు దొరుకుతాయి, తేనె కూడా అక్కడే వుంది.