గొంగడి మీద మరక

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ దాటితే కంగ్టి మండలం. 2016 దాకా ఇది మెదక్ జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతంలో చలి ఎక్కువ. గొర్రెలు కాసే వాళ్లకు గొంగడే ఇల్లు, గొంగడే పరుపు.

అక్కడ ఒక పల్లెలో ఒక కురుమ ఇల్లు. మామ రాత్రంతా మంద దగ్గర ఉన్నాడు. తెల్లవారుజామున గొర్రె ఈనింది. మామ పిల్లను గొంగడిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. గొంగడికి నెత్తురు అంటింది. అరుగు మీద గొంగడి పెట్టి టీ తాగుతున్నాడు. మనుమడు పరుగెత్తుకుంటూ వచ్చి తగిలాడు. టీ కూడా గొంగడి మీద ఒలికింది.

కోడలు గబగబా పొయ్యి మీద నీళ్లు పెట్టింది. బట్టల సోడా తెచ్చింది.

"ఆగు బిడ్డా! ఆ నీళ్లు దించు" అన్నది అత్త.

"నెత్తురు మరక గదా అత్తమ్మా? ఉడకబెడితేనే పోతది."

"మరక పోదు. గొంగడి పోతది. నా పెండ్లయిన ఏడు నేను గట్లనే చేసిన. సోడా వేసి ఉడకబెట్టిన. బండ మీద బాదిన. ఎండినంక చూస్తే చాప లెక్క గట్టిపడ్డది. ఇద్దరు కప్పుకునే గొంగడి పిల్లగానికి కూడా చాలలేదు. ఆ చలికాలం మీ మామ గోనెసంచి కప్పుకొని మంద కాసిండు."

కోడలు నీళ్లు దించింది.

"మాపటికి మామ మళ్ల మందకు పోవాలె. గొంగడి మొత్తం తడిపితే రెండు మూడు దినాలు ఆరదు. ఇప్పుడెట్ల?"

"మరక ఉన్న కాడనే కడుగుదాం" అన్నది అత్త.

వేడినీళ్లు ఎందుకు వద్దు?

ఉన్ని అంటే గొర్రె వెంట్రుక. దాని మీద కంటికి కనబడని పొలుసులు ఉంటాయి. ఇంటి కప్పు మీద పెంకులు ఉన్నట్టే ఉంటాయి. వేడినీళ్లలో వేసి రుద్దితే ఒక వెంట్రుక పొలుసులు ఇంకో వెంట్రుకలో చిక్కుకుంటాయి. మళ్లీ విడిపోవు. గొంగడి ముడుచుకుపోతుంది.

సోడా ఉన్నిని తినేస్తుంది. బ్లీచింగు పౌడరు ఇంకా చెడ్డది. రెండూ ఉన్నికి తగలరాదు.

నెత్తురుకు వేడి తగిలితే అది పోగుకు అతుక్కుంటుంది. అప్పుడు మరక వదలదు.

అత్త ఏం చేసింది?

ముందు పొడి బట్టతో టీ తడిని అద్దింది. రుద్దలేదు. తరువాత చల్లటి నీళ్లలో కొంచెం ఉప్పు కలిపింది. పాత నూలు బట్ట అందులో ముంచి నెత్తురు మరక మీద అద్దింది. మరక అంచు నుంచి నడిమికి అద్దుతూ వచ్చింది. నడిమి నుంచి బయటికి పోతే మరక పెద్దదవుతుంది. ఆఖరికి కుంకుడుకాయ నురుగు కొంచెం రాసి, చల్లటి నీళ్లతో రెండు మూడు సార్లు తుడిచింది. గొంగడిని మంచం మీద పరిచి గాలికి పెట్టింది.

"నల్ల గొంగడి గదా అత్తమ్మా, మరక కనబడదు. ఇంత కష్టం ఎందుకు?" అన్నది కోడలు.

"మనకు కనబడదు బిడ్డా. పురుగుకు తెలుస్తది."

అత్త మాట నిజం. చిన్న రెక్కల పురుగు ఉన్నిలో గుడ్లు పెడుతుంది. గుడ్ల నుంచి వచ్చే లార్వాలు ఉన్నిని తింటాయి. చెమట, పాలు, కూర అంటిన ఉన్ని అంటే వాటికి మరీ ఇష్టం.

ఏ మరకకు ఏం చేయాలి?

1. బురద, పేడ: తడి మీద ముట్టుకోవద్దు. బాగా ఎండనివ్వాలి. తరువాత కట్టెతో దులపాలి.
2. నూనె, నెయ్యి: జొన్నపిండి చల్లి కొన్ని గంటలు ఉంచాలి. పిండి జిడ్డును పీలుస్తుంది. తరువాత పిండి ఏమాత్రం మిగలకుండా దులపాలి.
3. నెత్తురు, పాలు: చల్లటి నీళ్లే వాడాలి.
4. టీ: వెంటనే అద్దాలి. ఆలస్యం చేస్తే రంగు పడుతుంది.

ఏలూరులో నేసే ఉన్ని తివాచీకి కూడా ఈ పద్ధతులే పనికివస్తాయి. రంగు వేసిన ఉన్ని అయితే ముందు ఒక మూలన తడిపి రంగు దిగుతుందా చూడాలి.

ఎట్లా దాచాలి?

గొంగడిని మాటిమాటికి ఉతకవద్దు. ఉన్నిలో సహజంగా జిడ్డు ఉంటుంది. వాన నీళ్లను జార్చేది అదే. ఉతకక తప్పకపోతే ఎండకాలంలో, చల్లటి నీళ్లలో, కుంకుడు రసంతో ఉతకాలి. పిండవద్దు. తీగ మీద వేలాడదీయవద్దు, సాగిపోతుంది. నీడలో పరచాలి.

పొడి గొంగడిని అప్పుడప్పుడు ఎండలో వేసి రెండు వైపులా దులపాలి. మడతల్లో ఎండిన వేపాకు పెట్టాలి. నాఫ్తలీన్ గోలీలు వాడితే పిల్లలకు అందనివ్వవద్దు. అవి విషం.

గొంగడి విలువ

దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో గొంగళ్లు నేస్తారు. ఆడవాళ్లు ఉన్ని వడుకుతారు. నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు గొర్రెలు పెరిగిన కొద్దీ నల్ల ఉన్ని తగ్గింది. నేసేవాళ్లు కూడా తగ్గారు. ఉన్న గొంగడిని కాపాడుకోవాలి.

అంగట్లో నైలాన్ రగ్గులు చవక. కాని నిప్పు రవ్వ పడితే నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని తొందరగా అంటుకోదు. మంద దగ్గర మంట వేసుకునే వాళ్లకు ఇది ప్రాణం సంగతి.

పొద్దుగూకింది. కోడలు గొంగడిని తడిమి చూసింది. ఆరింది. మామ కొప్పెర వేసుకున్నాడు.

"మరక ఏడున్నదో నాకే తెలుస్తలేదు బిడ్డా" అని మందకు బయలుదేరాడు.

చెప్పండి

1. కోడలు వేడినీళ్లు పోస్తే ఏమయ్యేది?
2. మరకను ఎటు నుంచి ఎటు అద్దాలి? ఎందుకు?
3. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అనే సామెతను ఎప్పుడు వాడతారు?

రాయండి

మీ ఇంట్లో గొంగడి ఉందా? అది ఎవరిది? ఎన్నేళ్ల నుంచి ఉంది? అయిదు వాక్యాలు రాయండి.