కుక్క ఎముక మింగినచో రైతు చేయవలసినదేమి?



చేనికి కావలి కాయు కుక్క మన సేద్యములో ఒక భాగస్వామి. వేరుసెనగ చేనిలో అడవిపందులు దిగిన రాత్రి మనలను మేలుకొలుపునది అదియే. అట్టి కుక్క పండుగ మరునాడు ఎముక మింగి బాధపడుచున్నచో ఏమి చేయవలెనో, ముఖ్యముగా ఏమి చేయకూడదో తెలిసికొనుట అవసరము.

నా చిన్నతనమున మా ఊరిలో జరిగిన సంగతి చెప్పెదను. కనుమ పండుగ వెళ్లిన రెండవ నాడు ఒక రైతు కుక్క దవడ వ్రేలాడవేసి, చొంగ కార్చుచు, నీళ్లు కూడ మింగలేక నిలబడి ఉన్నది. గొంతులో కోడి ఎముక అడ్డుపడినదని అందరును అన్నారు. ఆ రైతు జాలిపడి నోటిలో చేయి పెట్టి వెదకినాడు. ఎముక దొరకలేదు. మూడవ నాటికి కుక్క చచ్చినది. అది పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్ అని పశువైద్యులు అనుమానించిరి. ఆ రైతు వెంటనే పట్నము పోయి, ఆ రోజులలో బొడ్డు చుట్టు వేసెడి సూదిమందులన్నియు వేయించుకొని బ్రదికినాడు. ఆలస్యము చేసియుండినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

మొదట దూరము నుండి చూడవలెను

పిచ్చికుక్క వ్యాధిలో కుక్క ఎల్లప్పుడును కరవ వచ్చునని తలంపరాదు. కొన్ని కుక్కలకు దవడ, గొంతు కండరములు పట్టు తప్పి, నోరు తెరచుకొని చొంగ కారును. చూచువారికి ఎముక అడ్డుపడినట్లే ఉండును. కావున ఎముక తినుట మీరు కంటితో చూడనిచో, ఆ కుక్కకు ఏటేట టీకా వేయించనిచో, నోటిలో చేయి పెట్టనే కూడదు. దానిని గదిలోనో కట్టుకొయ్య వద్దనో వేరుగా ఉంచి, పిల్లలను దూరము చేసి, పశువైద్యునకు కబురు పంపవలెను.

చొంగ చేతిమీది గాయమునకు గాని, కంటికి, నోటికి గాని తగిలినను, పన్ను గీరినను నిర్లక్ష్యము కూడదు. గాయమును సబ్బుతో, ధారగా పోయు నీళ్లతో 15 నిమిషములు కడుగవలెను. కన్ను, నోరు మాత్రము ఒట్టి నీళ్లతోనే కడుగవలెను. గాయముపై పసుపు, కారము, సున్నము పూయరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి, డాక్టరు చెప్పిన తేదీలలో టీకాలన్నియు పూర్తి చేయవలెను. బొడ్డు చుట్టు వేయు మందు ఇప్పుడు లేదు. టీకాలు చేతికే వేయుదురు. జబ్బు బయటపడిన తరువాత మాత్రము దానికి వైద్యము లేదనియే చెప్పవచ్చును.

ఎముక వలన కలుగు హాని

ఉడికిన ఎముక, కాల్చిన ఎముక పెళుసెక్కి, కొరికినప్పుడు సూదులవలె చీలును. కోడి ఎముకలు బోలుగా నుండుటచే మరింత సులభముగా చీలును. పెద్ద ముక్క ఆహారనాళములో ఇరుక్కొనవచ్చును. వాడి ముక్క కడుపునో ప్రేగునో చీల్చవచ్చును. ఎక్కువ ఎముకలు తిన్నచో మలము సున్నపుముద్దవలె గట్టిపడి బయటకు రాదు. అయినను జీర్ణాశయములోని ఆమ్లము ఎముకను చాలవరకు కరగించును. కావున ఎముక తిన్న ప్రతి కుక్కకును ప్రమాదము కలుగునని భయపడనక్కరలేదు.

చేయవలసిన పనులు

1. కుక్క నోట ఎముక ఉన్నప్పుడు తరిమి లాగుకొనరాదు. లాగినచో ఒక్క గుక్కలో మింగును. వేరొక తిండి చూపి దానిచేత విడిపించవలెను.

2. మింగిన తరువాత వాంతి చేయించరాదు. ఉప్పునీళ్లు, నూనె పోయరాదు. దిగిన ముక్క తిరిగి పైకి వచ్చునప్పుడు గొంతును చీల్చవచ్చును. పోసినది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

3. మనకు చేపముల్లు గుచ్చుకొన్నప్పుడు అన్నపుముద్ద మింగు అలవాటు కలదు. కుక్కకు గొంతులో అడ్డుపడినప్పుడు ఈ పని చేయరాదు. ముద్ద ఎముకను మరింత బిగించును.

4. ఎముక తినుట మీరు చూచి, కుక్కకు ఊపిరాడక చిగుళ్లు నీలమైనచో ఆలస్యము కూడదు. చిన్న కుక్కను తల క్రిందుగా పట్టుకొని, పెద్ద కుక్కకు వెనుక కాళ్లు పైకెత్తి, రెక్కల నడుమ అరచేతి మడమతో నాలుగైదు మారులు గట్టిగా చరచవలెను. వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

5. కుక్క హుషారుగా ఉండి తిండి తినుచున్నచో, మెత్తని అన్నము కొంచెము కొంచెముగా పెట్టుచు, నీళ్లు అందుబాటులో నుంచి, మూడు దినములు మలమును, నడకను గమనించవలెను.

6. మలద్వారము నుండి ఎముక కొంత బయటికి వచ్చి నిలిచినచో లాగరాదు. మనుష్యుల నొప్పి మాత్రలు ఇయ్యరాదు. అవి కుక్కకు విషమగును.

వైద్యుని వద్దకు వెంటనే పోవలసిన గుర్తులు

మాటిమాటికి ఓకరించుట, తిన్నది వెంటనే కక్కుట, చొంగ కారుట, పొట్ట బిగిసి ఉబ్బుట, వీపు వంచి మూలుగుట, ముక్కినను మలము రాకుండుట, మలములో నెత్తురు పడుట లేక అది తారువలె నల్లగా నుండుట, తిండి మాని ముడుచుకొని పడుకొనుట. వీనిలో ఒక్కటి కనిపించినను రేపటికి చూతమనరాదు. ఆహారనాళములో ఎముక నిలిచిన ప్రతి గంటయు అక్కడి పొరను పుండు చేయును. మత్తు ఇయ్యవలసి రావచ్చును గనుక, బయలుదేరుటకు ముందు తిండి పెట్టరాదు. ఏ ఎముక, ఎంత, ఎప్పుడు తిన్నదో వైద్యునకు చెప్పవలెను. ఎక్స్‌రే అవసరమైనచో తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరు వంటి చోట్లనున్న పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు పోవచ్చును.

ముందు జాగ్రత్త

విందు ముగియగానే విస్తళ్లలోని ఎముకలను ఏరి, పెంటకుప్పపై వేయక, మోకాలి లోతు గోతిలో పూడ్చి, పైన ముండ్లకంప, రాయి పెట్టవలెను. వ్యవసాయ పాఠములు చెప్పువాడను గనుక మరొక మాట చెప్పెదను. పచ్చి ఎముకల పొడిలో నూటికి 20 పాళ్ల వరకు భాస్వరికామ్లము, 3 పాళ్ల వరకు నత్రజని ఉండును. అది మొక్కకు మంచి ఎరువు. కాని ఆ వాసనకు కుక్క మామిడి గుంతలను త్రవ్వి పొడి తినును. ఆ పొడి కడుపులో గట్టి ముద్దయై అడ్డుపడవచ్చును. కావున పొడిని గుంత అడుగున మన్నుతో బాగుగా కలిపి కప్పవలెను. మిగిలిన సంచిని మూతిగట్టి ఎత్తుగా నుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది టీకా. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తన టీకాను ఒక బాలునకు వేయించి, పిచ్చికుక్క వ్యాధి నుండి కాపాడినాడు. ఏటేట ఆ దినమున అనేక పశువైద్యశాలలలో కుక్కలకు టీకాలు వేయుదురు. మూడవ నెల నిండిన కుక్కపిల్లకు మొదలుపెట్టి, వైద్యుడు చెప్పిన గడువులలో తప్పక వేయించవలెను. ఎముక వలన పోవునది కుక్క ప్రాణము. ఎముక అని పొరబడుట వలన పోవునది మన ప్రాణము.