నాలుగు సిలిండర్ల పికప్ వాహనానికి ఇంజిన్ ఆయిల్ ఎంపిక

తెల్లవారకముందే దాదర్ పూలబజారు మేలుకొంటుంది. బంతిపూల మూటలు దించిన పికప్ వాహనాలు, వెనువెంటనే మరో బాడుగకు మసీద్ బందర్ వైపో, వాషీ మార్కెట్ వైపో కదలిపోతాయి. 18వ శతాబ్దం చివర ఈ నగరానికి వచ్చి రాయి మోసి, కట్టడాలు నిలిపిన కామాఠీల పేరు కామాఠిపురకు నిలిచింది. తరువాతి తరాలవారు మిల్లులలో మగ్గాలు నడిపారు. 1982 జనవరి 18న ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె అనంతరం ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నేడు తెలుగు చాళ్లలో ఒక పికప్ బాడుగ మీదనే బ్రతికే ఇళ్లు ఉన్నాయి. ఇంజిన్ పట్టివేస్తే బాడుగ ఆగిపోతుంది గాని, బ్యాంకు కిస్తీ ఆగదు. అందువల్ల ఆయిల్ ఎంపిక మెకానిక్‌కు మాత్రమే వదలవలసిన విషయం కాదు.

ఆయిల్ చేసే పని

మహీంద్రా బొలెరో పికప్‌లోని 2,523 సి.సి. ఇంజిన్, టాటా యోధలోని 2.2 లీటర్ల ఇంజిన్ నాలుగేసి సిలిండర్లు గల డీజిల్ ఇంజిన్లు. ఇటువంటి ఇంజిన్‌లో లోహము లోహాన్ని తాకకుండా ఆయిల్ పలుచని పొరగా నిలుస్తుంది. పిస్టన్ల వేడిని తీసుకొంటుంది. మసిని తనలో కలుపుకొని ఫిల్టర్ వరకు మోస్తుంది. వేగంగా తిరిగే టర్బో బేరింగులకు కూడా అదే ఆధారం. ఆయిల్ సరిగా లేనప్పుడు ముందుగా దెబ్బతినే భాగాలలో టర్బో ఒకటి.

డబ్బా మీది అంకెలు

"15డబ్ల్యూ-40" అనే గుర్తులో రెండు సంగతులున్నాయి. డబ్ల్యూ అక్షరం శీతకాలాన్ని సూచిస్తుంది. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే, చలిలో ఆయిల్ అంత సులభంగా పారుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. ముంబయిలో అటువంటి చలి ఎన్నడూ లేదు. కనుక ఇక్కడ 15డబ్ల్యూ చలి విషయంలో సరిపోతుంది. రెండవ అంకె, అనగా 40, ఇంజిన్ కాగినప్పుడు, 100 డిగ్రీల వద్ద ఆయిల్‌కు ఉండే చిక్కదనాన్ని తెలుపుతుంది. బరువుతో ఖండాలా ఘాటో, కసారా ఘాటో ఎక్కే బండికి ఈ అంకె ముఖ్యం.

"ఎంత చిక్కనైతే అంత మేలు" అనే నమ్మకం సరికాదు. ఇంజిన్‌కు నిర్ణయించినదానికన్నా చిక్కటి ఆయిల్, ఉదయం స్టార్టు చేసిన క్షణాన టర్బోకు, పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. డీజిల్ ఖర్చు కూడా పెరుగుతుంది. అరిగిన ఇంజిన్ ఆయిల్ తాగుతున్నదని చిక్కటి ఆయిల్ పోస్తే, పొగ కొన్నాళ్లు తగ్గవచ్చు. కాని అరుగుదల అలాగే ఉంటుంది.

నాణ్యత గుర్తు

చిక్కదనం ఒక్కటే చాలదు. ఎపిఐ గుర్తులో "సి"తో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్లకు, "ఎస్"తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్లకు ఉద్దేశించినవి. సిఐ-4 శ్రేణి 2002లోను, సికె-4 శ్రేణి 2016 చివరలోను వచ్చాయి. సికె-4 ఆయిల్‌ను, తగిన చిక్కదనంలో, సిఐ-4 అడిగే పాత ఇంజిన్లలోనూ సాధారణంగా వాడవచ్చు. అదే సమయంలో వచ్చిన ఎఫ్ఎ-4 మాత్రం పలుచనిది. కొన్ని కొత్త ఇంజిన్లకే తయారైనది. పాత పికప్‌లో దానిని పోయరాదు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బిఎస్-6 ప్రమాణం అమలులో ఉంది. ఈ డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి వేడికి కాలిపోతుంది. ఆయిల్ నుండి వచ్చే బూడిద మాత్రం కాలదు. బూడిద ఎక్కువగా ఇచ్చే పాతరకం ఆయిల్ పోస్తే ఆ ఫిల్టర్ క్రమంగా మూసుకొనిపోయి బండి లాగదు. డబ్బా మీద మిగులు కొంతే. ఫిల్టర్ మార్పిడి ఖర్చు దానికి అనేక రెట్లు. సిఎన్‌జి పికప్‌కు దాని పుస్తకంలో చెప్పిన ఆయిల్‌నే వాడాలి. డీజిల్ బండిలో మిగిలినది దానిలో కలపరాదు.

కిలోమీటర్లు, గంటలు

మీటరు చూపే కిలోమీటర్లు సగం నిజమే చెబుతాయి. గంటకు 50 కిలోమీటర్ల సగటు వేగంతో 10,000 కిలోమీటర్లు నడిచిన ఇంజిన్ 200 గంటలు పనిచేస్తుంది. దాదర్, పరేల్ వీధులలో సగటున 15 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, అదే దూరానికి సుమారు 667 గంటలు పడుతుంది. మూడు రెట్లకు మించిన ఈ కాలమంతా ఆయిల్ కాగుతూనే, మసి చేరుతూనే ఉంటుంది. అందువల్ల వాహన పుస్తకంలో కఠిన వినియోగానికి వేరుగా ఇచ్చిన తక్కువ గడువునే నగర బాడుగలకు పాటించాలి. ఆయిల్‌తోపాటు ఆయిల్ ఫిల్టర్‌ను కూడా మార్చాలి. సింథటిక్ ఆయిల్ వేడిని ఎక్కువగా ఓర్చుకొంటుంది. అయినప్పటికీ గడువు దాటించడానికి అది అనుమతి కాదు.

పరీక్ష, జాగ్రత్తలు

వారానికొకసారి సమతలమైన చోట బండి నిలిపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాల తరువాత గేజు తీసి చూడాలి. మట్టం రెండు గీతల నడుమ ఉండాలి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ త్వరగా నల్లబడడం సహజం. నలుపు ఒక్కటే చెడుకు గుర్తు కాదు. మట్టం తగ్గితే కారుతున్నదో, కాలుతున్నదో చూడాలి. పోయకుండానే పెరిగితే, డీజిల్ గాని నీరు గాని కలిసిందని అనుమానించాలి.

2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. హింద్‌మాతా వద్ద నీరు నిలవడం దాదర్ వాసులకు తెలిసినదే. బండి నీట మునిగితే, లాగి బయటికి తెచ్చిన వెంటనే స్టార్టు చేయరాదు. గేజు మీద ఆయిల్ పాలు కలిపిన టీ వలె కనిపిస్తే నీరు చేరినట్లే. ఆ స్థితిలో ఇంజిన్ తిప్పితే బేరింగులు పాడవుతాయి. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

కొనేటప్పుడు మూత సీలు, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ పరిశీలించి బిల్లు తీసుకోవాలి. విడి ఆయిల్ కొనరాదు. ఖాళీ డబ్బాను కోసి లేదా రంధ్రం చేసి పారవేయాలి. లేనిచో కల్తీదారు దానిని తిరిగి నింపి అమ్మగలడు.

వాడిన ఆయిల్ 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. వీధి గట్టరులో పోసినది వాననీటి కాలువల గుండా మాహిం ఖాడీకి, సముద్రానికి చేరుతుంది. దానిని మూత ఉన్న డబ్బాలో పట్టి, అనుమతి గల సేకరణదారుకు పంపే గ్యారేజీకి అప్పగించాలి.

తదుపరి ఆయిల్ మార్పిడి రోజున మెకానిక్ వద్దకు వాహన పుస్తకంతో వెళ్లి, అందులోని రెండు గుర్తులను, అనగా చిక్కదనాన్ని, నాణ్యత శ్రేణిని, డబ్బా మీది గుర్తులతో సరిపోల్చాలి. డబ్బా మూత తన కళ్లముందే తీయించాలి. తేదీ, కిలోమీటర్లు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి బండిలో ఉంచాలి. ఈ పనికి పట్టేది పది నిమిషాలు. కాపాడేది ఒక కుటుంబపు జీవనాధారం.