గాయపడ్డ ముఖం నేర్పిన పాఠాలు

సైనిక ఆసుపత్రిలో ముఖం, దవడ ఆపరేషన్ల థియేటర్లో ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరయ్యాక నాచారంలో స్థిరపడ్డాను. తూటా గాయాల దగ్గర నేర్చుకున్న విద్యే ఉప్పల్ రింగురోడ్డులో బండి మీంచి పడ్డ కుర్రాడికీ, ఇక్కడి ఫ్యాక్టరీలో గ్రైండింగ్ చక్రం పగిలి మొహాన తగిలిన కార్మికుడికీ అక్కరకొస్తుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, వాళ్లతోపాటు ఇరుగుపొరుగూ గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

1. ముందు ఊపిరి, తర్వాతే రూపం. దవడ నుజ్జయిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారుతుంది, రక్తం గొంతులోకి దిగుతుంది. తెలివిలో ఉండి కూర్చోగలిగితే ముందుకు వంగి కూర్చోనివ్వండి. స్పృహ లేకపోతే మెడ మెలితిరగకుండా తలనూ ఒంటినీ కలిపి పక్కకు తిప్పండి.

2. ఏదీ పారేయకండి. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ. వేలాడుతున్న చర్మం కూడా కడిగి కుడితే చాలాసార్లు బతుకుతుంది. ఊడిన పన్నును వేరు తాకకుండా పాలలో వేసి వెంటనే డాక్టరుకు అందించండి.

3. పళ్లే కొలబద్ద. ఎముక ఎన్ని ముక్కలైనా, పైపళ్లూ కిందిపళ్లూ పాత వరసలో కలిసేలా తీగలతో కట్టాకే ప్లేట్లు బిగించాలి. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల ముఖాలు సరిచేసిన సర్జన్ హెరాల్డ్ గిల్లీస్ పళ్ల డాక్టర్లను పక్కన పెట్టుకుని పనిచేసింది అందుకే.

4. ఆగడం కూడా చికిత్సే. చాలని చర్మాన్ని లాగి కుడితే నోరు వంకరపోతుంది. అలాంటప్పుడు పక్కచోటి చర్మం తెచ్చి, ఓపిక పట్టాలి. ఈ పద్ధతి పాతదే. టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న కావస్‌జీ అనే ఎడ్లు తోలేవాడికి పుణేలో మన దేశపు వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. 1794లో లండన్ పత్రికలో అది అచ్చయింది. 1814లో సర్జన్ జోసెఫ్ కార్ప్యూ అక్కడ అదే పద్ధతి చేసి చూపాడు. నుదుటి నుంచి దింపిన చర్మపు కాడను ఇప్పటికీ సుమారు మూడు వారాలు ఉంచి, కొత్తచోట రక్తం పారాకే తెంచుతారు. ఒక్క ఆపరేషన్‌తో అయిపోదని రోగికి మొదటిరోజే చెప్పండి.

5. చివరి చికిత్స ఊరిది. రెండో ప్రపంచయుద్ధంలో కాలిన పైలట్లకు ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో ముఖాలు సరిచేసిన సర్జన్ మెకిండో, వాళ్లను ఇళ్లకు పిలవమని ఊరివాళ్లను అడిగాడు. పిలిచారు కూడా. మనమూ మచ్చవైపు కాకుండా మనిషి కళ్లలోకి చూసి మాట్లాడదాం. యజమానులారా, కోలుకుని వచ్చిన కార్మికుణ్ణి ఎవరికీ కనపడని మూలకు పంపకండి. ఫేస్ షీల్డు ఇచ్చి, అతని మెషీన్ అతనికే అప్పగించండి.