ప్రశ్నలు - జవాబులు: తక్కువకు వస్తోంది, తీసుకోమంటారా?

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు వైపు ముప్పై, నలభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. ఇంకా అవతలికి వెళితే షాద్‌నగర్, చౌటుప్పల్, సంగారెడ్డి దాకా పొలాల్లో హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది పైన శీర్షికలో ఉన్న ప్రశ్నే. ఎందుకు తక్కువకు వస్తోందో కనుక్కుంటే సగం జవాబు దొరికినట్టే.

ప్రశ్న: కొల్లూరు దగ్గర ప్రీలాంచ్‌లో ఫ్లాటు ఇస్తామంటున్నారు. చుట్టుపక్కల చదరపు అడుగు ఏడువేలుంటే వీళ్లు నాలుగువేలకే ఇస్తారట. మొత్తం ఒకేసారి కట్టాలి. పర్మిషన్ ఆర్నెల్లలో వస్తుందని, ఈలోగా స్థలంలో మా వాటా (యూడీఎస్) రిజిస్టరు చేస్తామని చెబుతున్నారు. మావారి రిటైర్మెంటు డబ్బు పెట్టవచ్చా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పెట్టకండి. 'మొత్తం ఒకేసారి' అని ఎందుకంటున్నారో చూడండి. అనుమతి లేని ప్రాజెక్టుకు బ్యాంకు అప్పివ్వదు. బ్యాంకు పెట్టని డబ్బు మిమ్మల్ని పెట్టమంటున్నారు.

యూడీఎస్ రిజిస్టరైతే మీకు దక్కేది కొన్ని గజాల ఉమ్మడి వాటా మాత్రమే. అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేరు, విడిగా అమ్మబోతే కొనేవాడు దొరకడు. రేపు పర్మిషన్ రాకపోయినా, బిల్డరు మీ డబ్బు తీసుకెళ్లి వేరే వెంచరులో పోసినా, మిగతా వాటాదారులందరితో కలిసి కోర్టు మెట్లెక్కాల్సిందే.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టినా, ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టినా ముందు రెరాలో నమోదు చేయించాలి. అంతవరకు ప్రకటనలివ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. నమోదయ్యాక కూడా, అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టుకే వాడేలా వేరే ఖాతాలో ఉంచాలి. మీకు తగ్గించానంటున్న మూడువేలు ఈ కాపలాలన్నీ మీరు వదులుకున్నందుకే.

డబ్బు చేతిలో సిద్ధంగా ఉంది కనుక, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చిన ఫ్లాటు చూసుకోండి. నిర్మాణంలో ఉన్నదానికి మామూలుగా పడే 5 శాతం జీఎస్టీ దానికి ఉండదు. గదులు కళ్లతో చూసి, కుళాయి తిప్పి చూసి మరీ కొనవచ్చు.

ప్రశ్న: మేం చూసిన అపార్టుమెంటు బాల్కనీ నుంచి చెరువు కనిపిస్తుంది. పంచాయతీ రోజుల నుంచీ ఆ పక్కన ఇళ్లున్నాయి. చెరువులో కూడా ఇరవై ఏళ్లుగా పెద్దగా నీళ్లు లేవట. భయపడాల్సిన పనుందా?
- ఒక పాఠకుడు, అమీన్‌పూర్

జవాబు: నీళ్లు ఇవాళ ఎక్కడిదాకా ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. చెరువు నిండి అలుగు పారే మట్టానికి వస్తే ఎంతమేర మునుగుతుందో అదే ఎఫ్‌టీఎల్. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి మరో 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్. ఈ రెండింటిలోనూ ఇల్లు కట్టకూడదు. 'శిఖం పట్టా ఉంది' అని కొందరు కాగితం చూపిస్తారు. నీళ్లు తీసినప్పుడు సాగు చేసుకోవడానికి తప్ప కట్టుకోవడానికి ఆ పట్టా పనికిరాదు.

ఎండిన చెరువును నమ్ముకుంటే ఏమవుతుందో నగరానికి అనుభవమే. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ ఇళ్లు నీళ్లపాలయ్యాయి. చెరువుల ఆక్రమణలను అడ్డుకోవడానికి 2024 జులైలో ఏర్పడిన హైడ్రా, ఔటర్ రింగ్ రోడ్డు లోపల చెరువుల్లో కట్టిన కట్టడాలను కూల్చడం కూడా చూశాం.

కాబట్టి 'పర్మిషన్ ఉంది' అన్న ఒక్క మాటతో ఊరుకోకండి. సర్వే నంబరు అడగండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో ఆ నంబరు ఎఫ్‌టీఎల్ గీతకు ఏ వైపు పడుతుందో చూడండి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం తెప్పించుకుని, చెరువులోకి వచ్చే వాగు, బయటికి పోయే నాలా ఆ స్థలం మీదుగా వెళుతున్నాయేమో చూడండి. ఇరిగేషన్, రెవెన్యూ శాఖల ఎన్‌ఓసీలు ఫైల్లో ఉండాలి. ఇవి చూపించడానికి బిల్డరు విసుక్కుంటే మీరు మరో చోటు వెతుక్కోవడమే మంచిది.

ప్రశ్న: ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు) వస్తోందని షాద్‌నగర్ అవతల మూడు గుంటల ఫామ్ ప్లాటు కొనమంటున్నారు. పిల్లల పేరుమీద తీసుకుంటే తర్వాత ఇల్లు కట్టుకోవచ్చంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గుంటకు 121 గజాల లెక్కన మీకు వచ్చేది 363 గజాల పొలం. ప్లాటు అన్నది అమ్మేవాళ్లు పెట్టిన పేరు. వ్యవసాయేతర భూమిగా మార్చకుండా, లేఅవుట్ అనుమతి లేకుండా అక్కడ ఇంటికి పర్మిషన్ రాదు. ఇలాంటి చోట్ల వేసి చూపించే నలభై అడుగుల రోడ్డు కూడా కాగితాల్లో ఎవరో ఒకరి పట్టా భూమే. రేపు ఆయన కంచె వేస్తే మీకు దారి ఉండదు.

2025లో హెచ్‌ఎండీఏ పరిధి 10 వేల చదరపు కిలోమీటర్లు దాటి పెరిగింది. 'మా ఊరు హెచ్‌ఎండీఏలో కలిసింది' అంటే 'మా లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ అనుమతి ఉంది' అని కాదు. ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు అడగండి. అది ఉన్నా డ్రాఫ్టా, ఫైనలా అని అడగండి. రోడ్లు, డ్రైనేజీ పూర్తిచేస్తారన్న హామీకి కొన్ని ప్లాట్లను హెచ్‌ఎండీఏ దగ్గర తనఖా పెట్టించుకుంటారు. అవి విడుదల కాకముందే అమ్మేసేవాళ్లున్నారు. మీకు చూపించిన ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో లేదని నిర్ధారించుకోండి. ట్రిపుల్ ఆర్ అలైన్‌మెంట్‌లో ఆ సర్వే నంబరు పోతుందేమో కూడా తెలుసుకోవాలి. రోడ్డు పక్కన పడే పొలం ధర పెరగవచ్చు గానీ రోడ్డు కిందికి పోయే పొలానికి నష్టపరిహారమే వస్తుంది.

ప్రశ్న: 1800 చదరపు అడుగులని ఫ్లాటు కొన్నాం. లోపల కొలిస్తే 1300 కూడా సరిగ్గా లేదు. మోసమా?
- ఒక పాఠకురాలు, నల్లగండ్ల

జవాబు: ముందు అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా ఎంత రాశారో చూడండి. లోపలి గోడలు అందులో కలుస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, డక్టులు కలవవు. లిఫ్టు, మెట్లు, వరండా, క్లబ్‌హౌసు వంటివాటిలో వాటా కలిపితే సూపర్ బిల్టప్ అవుతుంది, మీకు చెప్పిన 1800 అదే. రాసినదానికన్నా కార్పెట్ ఏరియా తగ్గితే రెరాకు ఫిర్యాదు చేయవచ్చు.

కొనబోయేవాళ్లు ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూసుకోవాలి. అడుగు ఏడువేల లెక్కన 1800కు 1.26 కోట్లు. 1300తో భాగిస్తే అడుగు దాదాపు 9,700 పడుతుంది. పక్కపక్క ప్రాజెక్టులను పోల్చాల్సింది ఈ రేటుతోనే.

ప్రశ్న: ఫ్లాటు పూర్తయింది. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం. ఓసీ తర్వాత వస్తుంది, అందరూ ఇలాగే దిగుతున్నారు అంటున్నాడు బిల్డరు. ఆఖరి వాయిదా ఇప్పుడే కట్టమంటున్నాడు.
- ఒక పాఠకుడు, బాచుపల్లి

జవాబు: పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకుంటేనే విడిపిస్తారు. ఓసీ రాలేదంటే ప్లానుకు మించి ఏదో కట్టి ఉండవచ్చు, పైన అంతస్తో, సెట్‌బ్యాక్‌లో గదో. మీ ఫ్లాటు ఆ తనఖాలో ఉందేమో చూడండి. ఓసీ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది లేకుండా దిగితే నీళ్లకు ట్యాంకరే దిక్కు కావచ్చు. రేపు అమ్మాలన్నా ఇదే కాగితం అడుగుతారు.

ఆఖరి వాయిదా మీ చేతిలో ఉన్నంతవరకే బిల్డరు మీ ఫోన్ ఎత్తుతాడు. అగ్రిమెంటులో షరతులు చదివి, ఓసీ చేతికిచ్చిన రోజున కడతానని రాతపూర్వకంగా తెలపండి. ఇల్లు స్వాధీనం చేసుకున్నాక అయిదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడి మీరు చెబితే, 30 రోజుల్లో ఖర్చు లేకుండా బాగుచేయడం బిల్డరు బాధ్యత. అందుకే స్వాధీనం తేదీ కాగితం మీద ఉండాలి. ముహూర్తం తప్పకూడదనుకుంటే పాలు పొంగించుకుని రండి. సామాను మాత్రం ఓసీ వచ్చాకే దించండి.