చక్రం ఎందుకు వణుకుతుంది?

కారు కొంత వేగం అందుకోగానే స్టీరింగు వణకడం, సీటు కింద సన్నగా అదురు పుట్టడం మనలో చాలామందికి అనుభవమే. అప్పుడు ఇంట్లో తలా ఒక కారణం చెబుతారు. "అలైన్‌మెంట్ పోయింది" అని ఒకరు, "టైర్లు మార్చాలి" అని ఇంకొకరు, "రోడ్డే అలా ఉంది, పోనీయండి" అని మరొకరు అంటారు. మొదటి ఇద్దరి మాట వింటే డబ్బు వృథా కావచ్చు. మూడవవారి మాట వింటే ప్రాణాల మీదికి రావచ్చు. అసలు కారణం తెలియాలంటే తరగతిలో నేర్చుకున్న భౌతికశాస్త్రం, ఒకదాని తరువాత ఒకటిగా ప్రశ్నలు వేసే ఓపిక ఉంటే చాలావరకు సరిపోతుంది. ఆ ప్రశ్నల వరుసను ఈ పాఠంలో తెలుసుకుందాం.

బరువు కొంచెం, బలం ఎక్కువ

చక్రం చుట్టూ బరువు సమానంగా ఉంటే అది నిలకడగా తిరుగుతుంది. ఒకచోట కొంచెం ఎక్కువైతే ఆ చోటు చక్రాన్ని బయటికి లాగుతూ ఉంటుంది. ఈ లాగుడు ఎంతో లెక్క కట్టి చూద్దాం.

ఒక చిన్న కారు టైరు మీద 165/80, రిమ్ము 14 అని ఉందనుకుందాం. టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము వ్యాసం 14 అంగుళాలు అని దాని అర్థం. దీన్నిబట్టి మొత్తం వ్యాసం సుమారు 62 సెంటీమీటర్లు, చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 11 సార్లకు పైగా తిరుగుతోంది.

రిమ్ము అంచున, అంటే కేంద్రం నుంచి సుమారు 18 సెంటీమీటర్ల దూరంలో, 30 గ్రాముల బరువు అదనంగా ఉందనుకుందాం. ద్రవ్యరాశిని వ్యాసార్థంతోనూ, కోణీయ వేగం వర్గంతోనూ గుణిస్తే దాదాపు 28 న్యూటన్లు వస్తుంది. 30 గ్రాముల తేడా దాదాపు 3 కిలోల బరువంత బలంతో, సెకనుకు 11 సార్లు చక్రాన్ని కిందికీ పైకీ గుంజుతుందన్నమాట. 40 కిలోమీటర్ల వేగంలో ఈ బలం 7 న్యూటన్లే. వేగం సగమైతే బలం నాలుగో వంతవుతుంది. ఊళ్లో తెలియని వణుకు రహదారి మీద తెలియడానికి ఇదొక కారణం.

రెండో కారణం అనునాదం. ఉయ్యాలను దాని ఊపుకు తగినట్టు తోస్తే చిన్న తోపుకే ఎత్తుగా లేస్తుంది. స్ప్రింగుకూ టైరులోని గాలికీ మధ్య ఊగే చక్రానికి కూడా ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. చాలా కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 వరకు ఉంటుంది. చక్రం తిరిగే లెక్క దానితో కలిసినప్పుడు వణుకు పెరుగుతుంది, ఆ వేగం దాటితే కొంత తగ్గుతుంది. తగ్గింది కదా అని లోపం పోయిందనుకోకూడదు.

ముందు అడగవలసింది "ఎప్పుడు?"

వైద్యుడు మందు రాసే ముందు నొప్పి ఎప్పుడు వస్తోందని అడుగుతాడు. మనమూ అలాగే అడగాలి. బండి నడిపేది పెద్దలే. పక్కన కూర్చుని కాగితం మీద రాసుకోవడం మన పని.

ఆగి ఉన్నప్పుడు కూడా అదురుతోందా? అయితే చక్రాలను అనుమానించనక్కరలేదు. ఇంజను లేదా ఇంజను కింది రబ్బరు దిమ్మలు కారణం కావచ్చు.

ఒకే వేగంలో గేరు మారిస్తే వణుకు మారుతోందా? నాలుగో గేరు నుంచి ఐదో గేరుకు మారితే ఇంజను తిరిగే వేగం తగ్గుతుంది, చక్రం వేగం తగ్గదు. వణుకు మారకపోతే అది చక్రాల వైపు లోపం. మారితే ఇంజను వైపు చూడాలి.

బ్రేకు నొక్కినప్పుడే వస్తోందా? అయితే బ్రేకు డిస్కు మందం అంతటా ఒకేలా లేకపోవచ్చు.

యాక్సిలరేటరు నొక్కినప్పుడు వచ్చి, వదలగానే పోతోందా? ఇంజను శక్తిని చక్రానికి చేర్చే షాఫ్టు కీళ్లను చూడాలి.

స్టీరింగులో తెలుస్తోందా, సీటులోనా? స్టీరింగులో అయితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటులో అయితే ఎక్కువగా వెనుక చక్రాలు.

చాలా రోజులు కదలని కారు మొదట అదిరి, కొన్ని కిలోమీటర్లు పోయాక సర్దుకుంటే, నేలకు ఆనిన చోట టైరు చదునెక్కిందని అర్థం.

నెమ్మదిగా పోతున్నా వణుకు రోజురోజుకూ పెరుగుతుంటే, లేదా ఈమధ్యే చక్రం విప్పి బిగించి ఉంటే, ఇక ప్రశ్నలు వేస్తూ కూర్చోకూడదు. వెంటనే పక్కకు ఆపి నట్లు చూడాలి. వదులైన నట్లతో చక్రం ఊడిపోగలదు. నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. కొంత దూరం నడిపాక మళ్లీ ఒకసారి సరిచూడాలి.

కంటితో చూసేవి

ఆగి ఉన్న బండి చుట్టూ తిరిగి టైరు పక్కగోడలు చూద్దాం. ఎక్కడైనా బొడిపెలా ఉబ్బితే లోపలి దారాలు తెగాయని అర్థం. గోతిలో గట్టిగా పడినప్పుడు ఇలా జరుగుతుంది. అది ఎప్పుడైనా పేలవచ్చు కనుక మార్చి తీరాలి. వానాకాలంలో రిమ్ము లోపల బురద ఎండి అంటుకుంటుంది. ఆ బురదే చక్రం సమతూకం చెడగొట్టగలదు. దాన్ని కడిగేస్తే చాలు, పైసా ఖర్చుండదు. రిమ్ముకు అతికించిన చిన్న లోహపు బిళ్ల ఊడిపోతే ఆ చోట అచ్చు కనిపిస్తుంది. అక్కడ బ్యాలెన్సింగు మళ్లీ చేయించాలి.

ఇక్కడ రెండు మాటల తేడా తెలుసుకోవాలి. బ్యాలెన్సింగంటే చక్రం చుట్టూ బరువును సరిచేయడం. అలైన్‌మెంటంటే చక్రాలు నిలబడే కోణాలను సరిచేయడం. కోణం తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. వణుకుకు అలైన్‌మెంట్ చేయించడం పుండు ఒకచోట ఉంటే మందు మరొకచోట రాసినట్టే అవుతుంది.

ఒక్కసారికి ఒక్క మార్పు

అయినా దొరకకపోతే మెకానిక్కు చేత ముందు ఎడమ చక్రాన్ని వెనుక ఎడమకు, వెనుకదాన్ని ముందుకు మార్పించి అదే రోడ్డు మీద, అదే వేగంలో నడిపి చూడాలి. వణుకు స్టీరింగు నుంచి సీటులోకి మారితే దోషి ఆ చక్రమే. మారకపోతే కుడివైపు అలాగే చేయాలి. రెండువైపులా మార్చినా స్టీరింగే వణుకుతుంటే లోపం చక్రంలో కాక బేరింగు, డిస్కు, స్టీరింగు కీళ్లలో ఉండవచ్చు.

దోషి దొరికాక బ్యాలెన్సింగు యంత్రం ఎక్కడ ఎన్ని గ్రాములు వేయాలో చూపుతుంది. యంత్రం సున్నా చూపాక కూడా వణుకుతుంటే ఆ చక్రం గుండ్రంగా లేదేమో చూడాలి. సైకిలు షాపులో రిమ్ము బెండు చూసినట్టే, చక్రాన్ని పైకెత్తి తిప్పుతూ పక్కన ఒక సుద్దముక్కను కదలకుండా పట్టుకుంటే వంకర తెలిసిపోతుంది.

టైర్లు, బేరింగు, డిస్కు ఒకేరోజు మార్చేస్తే వణుకు పోవచ్చు. కానీ కారణం ఏదో మనకు తెలియదు, బాగున్న భాగాలకు కూడా డబ్బు పోతుంది. ప్రయోగశాలలో ఒక్క చరరాశిని మాత్రమే మార్చి మిగిలినవి స్థిరంగా ఉంచమని చెప్పేది ఇందుకే.

చేసి చూద్దాం

సైకిలును తలకిందులుగా నిలిపి ముందు చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. ఎప్పుడూ ఒకేచోటు కిందికి వచ్చి ఆగితే అక్కడ బరువు ఎక్కువని అర్థం. ఇప్పుడు ఒక ఊచకు రిమ్ము దగ్గర చిన్న నట్టు గట్టిగా కట్టి కొంచెం వేగంగా తిప్పండి. సైకిలు అదరడం చూడండి. సరిగ్గా దానికి ఎదురుగా అంతే బరువున్న మరో నట్టు కట్టి మళ్లీ తిప్పండి. అదురు తగ్గుతుంది. తిరిగే చక్రానికి వేళ్లు, ముఖం దూరంగా ఉంచండి. ఏ మార్పుకు ఏమైందో నోటుపుస్తకంలో రాసుకుని తరగతిలో చర్చించండి.